పన్నెండు గంపల ఇప్పపువ్వు

కోతలు కోయడంలో నాకు పోటీ లేదు. కొత్తగూడ అడవి అంచున ఒక తండాలో మూడో తరగతికి లెక్కలు చెప్పినన్నాళ్లూ ఆ విద్యనే నమ్ముకున్నాను. పుస్తకంలోని లెక్క చదివితే పిల్లలు గోడ మీది బల్లిని చూసేవారు. వాళ్ల ఇంటి మాట లంబాడీ. బడి తెలుగు చెవిదాకా వచ్చి ఆగిపోయేది. నా కోతలను మాత్రం ఇట్టే పట్టేసేవారు. లెక్క చేసి నన్ను అబద్ధాలకోరని తేల్చినవాళ్లకు ఆ పూట నా కుర్చీ.

ఒక పిల్ల మాత్రం చేరినప్పటి నుంచీ నోరు విప్పలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా 'లెక్కలు రావు' అని పెన్సిల్‌తో రాసింది నేనే.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక పొద్దున మొదలుపెట్టాను. "ఇయ్యాల తెల్లారకముందే అడవికి పోయిన. ఒక్కణ్నే పన్నెండు గంపల పువ్వు ఏరిన."

వెనక నుంచి ఆ పిల్ల లేచింది. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తడుముతూ, వాళ్ల మాటలో గబగబా ఏదో అంది. తరగతి గొల్లుమంది.

"ఏమంటాందే?" అని పక్కపిల్లను అడిగాను.

"గప్పాలు కొడుతున్నవంట సార్. గామె, వాళ్లమ్మ ఇద్దరు ఏరితేనే పొద్దుకు ఒక్క గంప నిండుతదంట. నువ్వు ఒక్కనివేనాయె. ఇరవై నాలుగు పొద్దులు పడ్తదంట."

"నేను జర జోరుగ ఏర్త అని చెప్పు."

మళ్లీ ఏదో అంది. మళ్లీ నవ్వులు.

"గా బొర్రతోని నువ్వు వంగనే వంగవంట సార్!"

నా బొజ్జ తడుముకుంటూ కుర్చీ ఖాళీ చేశాను. అందులో ఆమె కాళ్లు నేలకు అందలేదు. నేను రాసిన మాటను రబ్బరుతో ఎంత గట్టిగా చెరిపానో, కాగితం చిరిగింది.

ఆ వేసవిలోనే జనగామ దిక్కు, బచ్చన్నపేట దగ్గరి ఊరికి బదిలీ అయింది. చివరి రోజు ఆ పిల్ల నా బండికి అడ్డం నిలబడి, వాళ్ల మాటలో ఎప్పుడొస్తావని అడిగింది. అప్పటికి ఆ మాత్రం నాకూ అర్థమయ్యేది.

నోటికొచ్చింది అనేశాను. "ఇరవై నాలుగు పొద్దులల్ల వస్త."

రెండు చేతుల కణుపులూ ఒక్కొక్కటే తడిమింది. చివరిదాని దగ్గర తలెత్తి నన్ను చూసింది. గప్పాలని అంటే బాగుండును, నవ్వి బయటపడేవాణ్ని.

"సరే సార్," అంది, తెలుగులో.

ఈ పత్తి చేల మధ్య బడిలోనూ పన్నెండు గంపల కథ చెబుతాను. ఇప్పపువ్వు ఏరి ఎరగని పిల్లలు చప్పట్లు కొడతారు. నా కుర్చీ ఎవరికీ అక్కర్లేదు.

అక్కడ పువ్వు మరో రెండుసార్లు రాలింది. ఆ పిల్ల ఇప్పుడు ఐదులో ఉంటుంది. ఈ ఎండాకాలం దాటితే ఆ బడిలో ఉండదు. మహబూబాబాద్ మీదుగా పోతే ఒక పూట ప్రయాణం. ప్రతి ఆదివారం బస్సు వేళ చూస్తాను, ఎక్కను. రెండు చేతులకూ కలిపి కణుపులు ఇరవై నాలుగే. అవి అయిపోయాక ఆమె మళ్లీ మొదటి నుంచి ఎన్నిసార్లు తడుముకుందో.