పళ్లతో చేసిన పళ్లు

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్లావిడ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆ మాట విని సంచి పట్టుకొచ్చి, అరటిపళ్లు ఎలా ఇస్తున్నారని అడిగిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు ఆమె వాళ్ల నోట్లోకి ఒకసారి తొంగిచూసి, "మీకు నాతో ఇప్పుడే పని పడదులెండి. ఆ వెనక దవడ పన్ను మాత్రం ఎక్కువకాలం నిలవదు," అని చెప్పి పంపించేస్తుంది.

ఇంటి కింది గదిలో ఆమె కట్టుడు పళ్లు తయారు చేస్తుంది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటి మీద మైనం పరిచి, చెక్కి, గులాబీరంగు చిగుళ్లలో పళ్లు కూర్చి తిరిగి పంపుతుంది. ఆ గదిలో ఎటు చూసినా దవడలే. కిటికీ గట్టు మీద, రేడియో పక్కన, అల్మరా పైన, ముఖాలు లేని నవ్వులు వరసగా ఉంటాయి. ఊళ్లో సగంమంది ముసలివాళ్లు తన పళ్లతోనే నములుతున్నారనీ, అబద్ధాలాడేదీ వాటి సందుల్లోంచేననీ ఆమె అంటూ ఉంటుంది.

డాక్టర్లంటే ఆమెకు గౌరవం తక్కువ. "నోరు తెరవమనడం ఒక్కటే వాళ్లకొచ్చు. మిగతాదంతా మనమే చేసుకోవాలి," అనేది. అందుకే మనవరాలికి నట్స్ పడవని తేలినప్పుడు ఆమె ఆ మాటను ఒక చెవితో విని రెండో చెవితో వదిలేసింది.

మనవరాలికి ఇంట్లో పేరు పిడుగు. మూడేళ్లప్పుడు పార్కులో ఎవరో ప్రేమగా ఇచ్చిన పల్లీల బిస్కెట్టు తిని, పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లెక్కి ఆస్పత్రి పాలైంది. పరీక్షలు చేసిన డాక్టరు పల్లీలు, బాదం, జీడిపప్పు, పిస్తా, అసలు ఆ కుటుంబం మొత్తాన్నీ దగ్గరికి రానివ్వద్దన్నాడు. కోడలు ఆ రోజే వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించింది. ఆమె మెట్రో రైలు నడుపుతుంది. ఎర్ర దీపం వెలిగితే ఆగాలి, ఎందుకని అడగకూడదు అన్నది ఆమె రక్తంలోనే ఉంది.

అత్తగారికి అది మింగుడుపడలేదు. "మా కాలంలో ఈ ఎలర్జీలు ఎక్కడున్నాయమ్మా?" అంది.

"ఎలర్జీలు ఉండేవి అత్తయ్యా. ఆ తర్వాత పిల్లలే ఉండేవాళ్లు కాదు," అంది కోడలు.

కొడుకు ఆ సమయంలో చాలా శ్రద్ధగా షూ లేసులు కట్టుకున్నాడు. అవి అప్పటికే కట్టి ఉన్నాయి.

రెండేళ్లు ఏ గొడవా లేకుండా గడిచాయి. పిడుగు బడిలో చేరింది. ఒకరోజు, అడిగిన సమయానికి పళ్లు అందించినందుకు సంతోషించి ఒక డాక్టరు కింది గదికి కేకు పంపాడు. పైన బాదం రేకులు పరిచిన కేకు. బడి నుంచి వచ్చిన పిడుగు దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఉదయం షిఫ్టు చేసి వచ్చిన కోడలు పైన నిద్రపోతోంది.

పిల్ల అలా నిలబడటం నాయనమ్మకు నచ్చలేదు. మైనం చెక్కే సన్నని కత్తి తీసింది. ఒక్కో బాదం రేకునూ పూతకు దెబ్బ తగలకుండా లేపింది. గుంటలు పడిన చోట కత్తి వెనక భాగంతో నున్నగా సర్దింది. తను చేసిన పని మీద తనకే ముచ్చటేసింది.

"చూడు, ఒక్క ముక్క ఉందేమో చెప్పు."

"అమ్మ వద్దంటుంది నాయనమ్మా."

"అమ్మ నట్స్ వద్దంది. కేకు వద్దనలేదుగా?"

ఆ వాదన పిడుగుకు బాగా నచ్చింది. రెండు ముక్కలు నోట్లో పెట్టుకుంది. కాసేపటికి నాలుక బయటపెట్టి, వేలితో గీరుకుంటూ, "నాయనమ్మా, నాలుక మీద చీమలు పాకుతున్నాయి," అంది.

నాయనమ్మ నిజంగానే చీమల కోసం చూసింది. చీమల్లేవు. ఆమె చూస్తుండగానే పిల్ల పెదాలు ఉబ్బాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, ఆపైన దగ్గు మొదలైంది. అది జలుబు దగ్గు కాదు, గొంతులో ఎవరో తలుపు వేసేస్తున్నట్టుంది. ఆమె పెట్టిన కేకకు కోడలు చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చింది. చేతిలో, ఇలాంటప్పటి కోసమే డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ ఉంది. గౌను మీదుగానే తొడకు పొడిచి, అంబులెన్స్‌కు ఫోన్ చేసి, పిల్లను కదలనివ్వకుండా ఒళ్లో పట్టుకుంది.

"ఏం పెట్టారు?"

"ఏం లేదమ్మా... మొత్తం గీకేశాను..."

కోడలు కేకు వంక చూసింది. పక్కనే కాగితం మీద బాదం రేకులు బుద్ధిగా వరసలో ఉన్నాయి.

ఆస్పత్రిలో పిల్ల ఊపిరి దారిన పడింది. మళ్లీ తిరగబెట్టొచ్చని రాత్రికి ఉంచుకున్నారు. కుర్ర డాక్టరొకడు వచ్చి, "పైవి గీకితే ఏం లాభమమ్మా? పిండిలోనే బాదం పొడి కలిపుంటారు. కలపకపోయినా అవి తగిలిన చోటల్లా వాటి అంశ ఉంటుంది," అన్నాడు. పళ్లావిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నలభై ఏళ్ల కాపురంలో అలాంటిది చూడని ఆమె భర్త కంగారుపడి, "నీకు కూడా ఒకసారి బీపీ చూడమందామా?" అన్నాడు.

వరండాలో ఆమె కోడలి పక్కన కూర్చుని, "అమ్మాయ్..." అని మొదలుపెట్టింది.

"ఇప్పుడేం మాట్లాడకండి అత్తయ్యా. నేనేదో అనేస్తాను. అన్నాక వెనక్కి తీసుకోవడం నావల్ల కాదు."

మర్నాడు ఇంటికొచ్చాక కోడలు ఒక్కటే చెప్పింది. "ఇక మీదట దానికి మంచినీళ్లు తప్ప మీరేమీ పెట్టొద్దు." అత్తగారు తలూపింది.

ఆ వారం కింది గదిలోంచి వెళ్లిన పళ్లసెట్టు ఒకటి తిరిగొచ్చింది. రిటైరైన పోస్టుమాస్టరు దాన్ని పెట్టుకుని చూపించాడు. "నవ్వితే ఏడ్చినట్టుందండీ," అన్నాడు పాపం. నిజంగానే ముందు పళ్లు రెండూ అలిగిన మొగుడూ పెళ్లాల్లా చెరో వైపు తిరిగి ఉన్నాయి. ఆమె చేతిలో అలాంటి తప్పు జరగడం ఎవరూ చూడలేదు.

ఆమెను మళ్లీ పనిలో పెట్టింది పిడుగే. ఒక సాయంత్రం బ్యాగు విసిరికొట్టి, "ఇవాళ కూడా ఎవరిదో బర్త్‌డే. అందరికీ చాక్లెట్ కేకు. నాకు అరటిపండు. నేనేమన్నా కోతినా?" అని ఏడ్చింది. మంచినీళ్లు ఇవ్వడానికి తప్ప దేనికీ అధికారం లేని నాయనమ్మ మంచినీళ్లిచ్చింది. మర్నాడే వేటకు బయల్దేరింది.

బజార్లో బిస్కెట్ ప్యాకెట్ల వెనక రాసే అక్షరాలు మనుషులు చదవడానికి రాసినవి కావు. ఆమె తన పనికి వాడే కంటి అద్దం తగిలించుకుని అరల మధ్య నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఉత్త ఉప్పు బిస్కెట్టు మీద కూడా 'నట్స్ అంశ ఉండవచ్చు' అని ఉంది.

"ఉండవచ్చు అంటే ఏంటయ్యా? ఉందా, లేదా?" అని షాపతన్ని నిలదీసింది.

"ఉండొచ్చండీ."

"మీ ఇంట్లో మీ ఆవిడ ఉందా అంటే కూడా ఉండొచ్చంటావా?"

అతను కాస్త ఆలోచించి, "పుట్టింటికెళ్తానంది. వెళ్లకపోయుంటే ఉండొచ్చు," అన్నాడు.

అక్కడ లాభం లేదని కంపెనీకే ఫోన్ చేసింది. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని ఒక గొంతు చెప్పి, చాలాసేపు పిల్లనగ్రోవి వినిపించింది. చివరికి ఒక అమ్మాయి పలికింది.

"మీ బిస్కెట్లు చేసే మిషన్ మీదే బాదం బిస్కెట్లూ చేస్తారా?"

"మా ఉత్పత్తులన్నీ అత్యున్నత ప్రమాణాలతో తయారవుతాయి మేడమ్."

"అదే మిషనా, వేరే మిషనా తల్లీ?"

"మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం మేడమ్."

"నా అభిప్రాయం నేనింకా చెప్పలేదు. చెప్తే నువ్వు రాసుకోలేవు," అని పెట్టేసింది.

బేకరీలో ఇంకా తేలిగ్గా తేలిపోయింది. యజమాని గుండె మీద చెయ్యి వేసుకుని, ఈ వెనిల్లా కేకులో నట్సన్న మాటే లేదన్నాడు. "దీన్ని ఏ కత్తితో కోస్తావు?" అని ఆమె అడిగింది. అతను కత్తి చూపించాడు. దాని అంచుకు జీడిపప్పు ముక్క ఒకటి అంటుకుని ఉంది. ఇద్దరూ వంగి దాన్ని చూశారు. "నిజం చెప్పాలంటే వద్దులెండమ్మా, పాపకు పెట్టకండి," అన్నాడతను. మొదటిసారి ఒక మనిషి నిజం చెప్పాడని ఆమె సంతోషించి, భర్త కోసం బన్ను కొనుక్కుంది.

ఇక ఇంట్లోనే చేయాలని తేలిపోయింది. కానీ ఏ ఇంట్లో? కింది గదిలో ఆమె ఏళ్లతరబడి పని చేస్తూ పల్లీలు నమిలింది. ఏ మూల ఏ పొట్టు ఉందో ఆమెకే తెలియదు. ఆ విషయం తనంతట తానే ఒప్పుకుని, కొత్త గిన్నెలు, కొత్త గరిటె, అద్దం పెట్టి చదివిన ప్యాకెట్లు సంచిలో వేసుకుని పైకెళ్లి కోడలి తలుపు కొట్టింది.

"నీ వంటింట్లో, నీ కళ్ల ముందే చేస్తాను. తినాలో వద్దో నువ్వే చెప్పు. నేను దాని నోటి దగ్గరికి చెయ్యి కూడా తీసుకెళ్లను."

కోడలు సంచిలోవన్నీ తీసి ఒక్కొక్కటే చదివింది. చాలాసేపు చదివింది. తర్వాత పక్కకు జరిగి దారిచ్చింది.

మొదటి కేకు గట్టిపడి, తాతయ్య చేతిలో కత్తిని వంచింది. రెండోది మధ్యలో కూలింది. తాతయ్య వాటన్నిటినీ తినిపెట్టాడు. ఆయనకు ఏ ఎలర్జీ లేదు, ఆ ఇంట్లో అభిప్రాయం చెప్పే అలవాటూ లేదు. పిడుగు మాత్రం మొహమాటపడే రకం కాదు. "ఇది బాలేదు. ఇది కూడా బాలేదు. నాకు షాపులో లాంటి జెల్లీ కావాలి, ఎలుగుబంట్లవి," అంది.

జెల్లీ సులువే. నారింజ రసం, దానిమ్మ రసం, కాస్త చక్కెర, గట్టిపడే పొడి. చిక్కంతా అచ్చు దగ్గరొచ్చింది. వంటలకు పనికొచ్చే సిలికాన్, కొత్త మైనం కొనుక్కొచ్చి ఎలుగుబంటిని చెక్కబోయింది. ఎంత చెక్కినా అది పిడుగు మేనమామను పోలి వస్తోంది. విసుగెత్తి, చెయ్యి తనకు తెలిసిన దారినే పోయింది. ఆమె చేతికి తెలిసిన ఆకారం ఈ భూమ్మీద ఒకటే.

సాయంత్రానికి పళ్లెంలో పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి సిద్ధమయ్యాయి. దానిమ్మ రసంతో చిగుళ్లు, పాలతో తెల్లటి పళ్లు, అక్కడక్కడా నారింజ రంగు కట్టుడు పన్ను. కోడలికి వాటిని చూసి నవ్వాలో భయపడాలో తెలియలేదు. ఒక చిగురు కొరికి చూసి, "ఘోరంగా ఉన్నాయి అత్తయ్యా, కానీ రుచిగా ఉన్నాయి," అంది. ఆస్పత్రి తర్వాత ఆమె అత్తగారితో నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు. పిడుగు అప్పటికే పై దవడ నోట్లో పెట్టుకుని తాతయ్యను కరవడానికి పరిగెత్తుతోంది.

తర్వాతి పుట్టినరోజు బడిలో వచ్చినప్పుడు, టీచరును ముందే అడిగి, పిడుగు ఒక డబ్బా తీసుకెళ్లింది. అరటిపండు వద్దంది. డబ్బా మూత తీయగానే ఒకమ్మాయి కెవ్వున అరిచింది. మరుక్షణం తరగతి మొత్తం పిడుగు బల్ల మీద పడింది. దంతాలు పెట్టుకున్న పిల్లలు రాక్షసుల్లా, తాతల్లా, బాతుల్లా తిరిగారు. పుట్టినరోజు పిల్లవాడు, తన మూడంతస్తుల కేకు దిక్కులేకుండా పడి ఉంటే, "నాకు ఒక్కటే పన్నిచ్చింది, వాడికి దవడిచ్చింది," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడి తల్లికి ఒళ్లు మండింది. "పిల్లలు తినే వస్తువేనా ఇది? ఎవరు చేశారు?" అని టీచరును నిలదీసింది.

సాయంత్రం ఆవిడ స్వయంగా పళ్లావిడ ఇంటికొచ్చింది. దెబ్బలాటకు వచ్చిందనుకుని పళ్లావిడ చీర చెంగు దోపి నిలబడింది.

"మావాడు బుర్ర తినేస్తున్నాడండీ," అంది ఆవిడ నీరసంగా. "ఆ దవడ ఎలా చేయాలో చెప్పండి."

"చెప్తాను. ముందు మీరు మాటివ్వాలి. మీ ఇంట్లో పార్టీ అయితే మా పిల్ల తినగలిగేది కనీసం ఒకటైనా ఉండాలి. అదీ అందరూ తినేదే. దానికొక్కదానికీ విడిగా పెడితే ఒప్పుకోను."

ఆవిడ మాటిచ్చింది. మొత్తానికి అరటిపండ్ల కాలం అలా పోయింది. అన్ని ఇళ్లలోనూ కాదు. కొందరు ఇప్పటికీ, ఇదంతా అతి అంటారు. వాళ్లతో పళ్లావిడ ఓపిగ్గా వాదించదు. తను గీకిన కేకు కథ మొత్తం, దాచుకోకుండా, వాళ్ల గడపలో నిలబడి చెప్తుంది. అది విన్నాక చాలామంది తలుపు వేసేస్తారు, కానీ పార్టీకి పల్లీలు మానేస్తారు.

ఈ మధ్య కోడలికి వేరే ఊళ్లో రెండు రోజుల శిక్షణ పడింది. బయల్దేరే ముందు ఇంజెక్షన్ ఉన్న చిన్న సంచి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. సూది లేని నమూనాతో తాతయ్య తొడ మీద ఎన్నోసార్లు పొడిపించి నేర్పింది. ఆయన ప్రతిసారీ నిజంగా పొడిచినట్టే అరిచాడు.

"భయంగా ఉందా అత్తయ్యా?" అంది కోడలు.

"ఉంది."

"మంచిది. అయితే నేను నిశ్చింతగా వెళ్తాను."

ఆ రోజు పిడుగు స్టూలు ఎక్కి, జెల్లీ గిన్నెలో గరిటె తిప్పుతూ అడిగింది. "నాయనమ్మా, నేను పెద్దయ్యాక ఇది పోతుందా?"

"కొంతమందికి పోతుందట. చాలామందికి పోదట."

"నాకు?"

"నాకేం తెలుసే? డాక్టర్నడుగుదాం."

"నువ్వు డాక్టర్లకేం తెలీదంటావుగా?"

నాయనమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. "అడుగు అంటుతోంది, సరిగ్గా తిప్పు," అంది.