నేను మార్చి చదివిన మెసేజ్

మొదటి లాక్‌డౌన్ నాటికి నేను సూరత్‌లో బ్యాంకు ఉద్యోగిని. మా ఆయనది వేరే ఊళ్లో ఉద్యోగం. నేనొక్కదాన్నే లింబాయత్ అనే పేటలో ఒక మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. కింద వాటాలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన భార్యాభర్తలు ఉండేవారు. ఆయన బట్టలు నేసే లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. ఆమె ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. ఆమె కొన్నాళ్లు మేడం అని, తర్వాత చెల్లె అని పిలిచింది.

అక్కకు చదువు రాదు. అయినా ఫోన్ లేకుండా ఆమెకు పూట గడవదు. చదవడం రాని మనిషి ఆ తెర మీద ఎవరు ఎవరో ఎలా పోల్చుకుంటుందని ఒకరోజు పక్కనే కూర్చుని గమనించాను. ఆమె పేర్లు చూడదు, బొమ్మలు చూస్తుంది. ట్రాక్టర్ ఉంటే ఊళ్లో ఉన్న తమ్ముడు. హనుమంతుడు ఉంటే కార్ఖానా మేస్త్రీ. ఎవరైనా ఫొటో మార్చారంటే ఆ రోజుకు వాళ్లు తప్పిపోయినట్టే. అందరికీ గొంతుతోనే కబురు పంపేది, అటునుంచీ గొంతులే వచ్చేవి. ఎప్పుడైనా రాత వస్తే మాత్రం మెట్లెక్కి నా దగ్గరికి వచ్చేది.

లాక్‌డౌన్‌లో లూమ్‌లు ఆగిపోయాయి. రాళ్ల పనీ ఆగిపోయింది. ఇరుగుపొరుగు చాలామంది దొరికిన బండి పట్టుకుని సొంతూళ్లకు వెళ్లిపోతున్నారు. అక్కావాళ్లూ వెళ్లిపోదామనుకున్నారు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ని చంకన మోసి పెంచింది ఆమే. ఏ బండి దొరికినా ఎక్కి వచ్చేస్తామని అతనికి కబురు పెట్టింది. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు మాట కాకుండా రాత వచ్చింది.

అక్క కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, గుమ్మం బయటే నిలబడి ఫోన్ చాపింది. ముందు మనసులో చదువుకున్నాను.

“అక్కా, మీరు ఇప్పుడు రావద్దు. సూరత్ నుంచి వచ్చినోళ్లను ఊళ్లెకు రానిస్తలేరు. నిన్ననే ఇద్దరిని పొలిమేర కాడ ఆపిండ్రు. మా అత్తగారోళ్లు మా ఇంట్లనే ఉన్నరు, వాళ్లు మస్తు భయపడుతున్నరు. మీరు వచ్చినా మా ఇంట్ల ఉంచుకోలేం. నోటితోని చెప్పలేక రాస్తున్న. ఏమనుకోవద్దు.”

తలెత్తితే అక్క నా మొహం వైపే చూస్తోంది. బండ్లు సరిగా నడవడం లేదట, దారిలో మీరు ఇబ్బంది పడతారని తమ్ముడు భయపడుతున్నాడు, అన్నీ సర్దుకున్నాక రమ్మంటున్నాడు అని చెప్పాను. అక్క తల ఊపి, అక్కడే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని జవాబు పంపింది. “గట్లనే బిడ్డా. నువ్వు బయట తిరగకు. పైలం.”

అప్పటి నుంచి తమ్ముడికి రోజూ ఒక కబురు పంపేది, తిన్నావా అని, పిల్లలు పైలమా అని. అటునుంచి ఆఁ, ఊఁ అని ముక్తసరి జవాబులు వచ్చేవి. అంత మాట రాసినవాడికి ఇంత ప్రేమ తిరిగొస్తుంటే అతను ఏమనుకుంటున్నాడో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం. అక్క అతని జవాబులు వింటున్నప్పుడు మెట్ల మీద ఆగి నేనూ చెవి పెట్టేదాన్ని. ఏమీ అంతుపట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం కిందికి దిగుతుంటే అక్క ఇంట్లోంచి అచ్చం నా యాసలో మాటలు వినిపించాయి. “తెలుగు అక్షరాలు చూపించండి” అని ఎవరినో బతిమాలుతున్నట్టుంది. తొంగిచూస్తే ఫోన్‌తో మాట్లాడుతోంది. నన్ను చూసి సిగ్గుపడలేదు.

“దీనికి మా మాట తెల్వది చెల్లె. నీ లెక్క మాట్లాడితెనే సమజైతది.”

చిన్నపిల్లల కోసం చేసిన వీడియోలు పెట్టుకుని, నేల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దుతోంది. రోజంతా అదే పని. మ, య ఒక్కలాగే ఉన్నాయని ఫోన్‌తో గొడవపడేది. నలభై దాటిన మనిషి ఏ బడీ లేకుండా, పంతులు లేకుండా, తనంతట తాను ఎలా నేర్చుకుంటోందో చూడటం నాకు సరదాగా ఉండేది. బ్యాంకు నుంచి రాగానే ఒత్తులు దిద్దించేదాన్ని. ఈ చదువు ఎక్కడికి దారితీస్తుందో నాకు తట్టలేదు. కాగితం మీది ఉత్తరమైతే ఎప్పుడో పొయ్యిలోకి పోయేది. ఫోన్‌లోది ఎక్కడికీ పోదు. వేలితో పైకి తోసుకుంటూ పోతే అక్కడే ఉంటుంది.

వానాకాలంలో ఒక ఆదివారం అక్క పైకి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ తెరిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. “అ... క్కా... మీ... రు... ఇ... ప్పు... డు...” చివరిదాకా చదవడానికి చాలాసేపు పట్టింది.

“గిది నువ్వు నాకు చెప్పలే.”

లేదన్నాను. మీ మొహం చూసి చదవలేకపోయాను అక్కా అన్నాను.

“నా తమ్ముడు అన్న మాట నేను పడుత గద. నడుమ నువ్వెందుకు అడ్డమొచ్చినవ్?”

అడిగి దిగిపోయింది. నాలుగు రోజులు మెట్లెక్కలేదు. ఐదో రోజు తనే వచ్చి గడప మీద కూర్చుని చెప్పింది. తమ్ముడికి వీడియో కాల్ చేసిందట. ఆ రాత ఇన్నాళ్లూ తనకు తెలియదని చెబితే అతను ఏడ్చాడట. నువ్వు తిడతావని ఎదురుచూశాను, నువ్వేమో పైలం పైలం అంటుంటే నాకు బువ్వ దిగలేదు అన్నాడట. అప్పుడు అక్క అతణ్ని కడుపారా తిట్టిందట. తిట్టడం అయ్యాక పిల్లల్ని చూపించమందట.

నావల్ల ఒక మనిషి అన్నాళ్లు నలిగిపోయాడని అప్పుడే తెలిసింది. ఇంకెప్పుడూ మార్చి చదవనని అక్కకు మాటిచ్చాను. నువ్వు ఇక చదివే పనే లేదులే అంది.

రైళ్లు మళ్లీ నడిచాక అక్కా వాళ్లాయనా ఊరెళ్లి పది రోజులుండి వచ్చారు. నాకు ఆ తర్వాతి ఏడాది బదిలీ అయింది. ఇప్పుడు అక్క నాకు రాతలోనే మెసేజ్‌లు పెడుతుంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలదు, అంతా ఒకే తీగలా ఉంటుంది. పైకి చదువుకుంటేగానీ నాకు అర్థం కాదు.

ఈమధ్య ఫోన్‌లో అడిగాను, అసలు అక్షరాలు నేర్చుకోవాలని ఎందుకు అనిపించిందని. నేను ఆఫీసుకు వెళ్తే రాత చదివేవాళ్లు ఉండరు కాబట్టి అనుకున్నాను ఇన్నాళ్లూ.

“ఆ పొద్దు రాత గంత పొడుగుండె. నువ్వు చెప్పిన ముచ్చట గింత పొట్టిగుండె. ఏందో తక్కువైందనుకున్న.”

అంటే మొదటి రోజు నుంచే నా మీద అనుమానం. మరి రోజూ తమ్ముడితో అంత ప్రేమగా ఎలా మాట్లాడారని అడిగాను.

“అనుమానమే గద చెల్లె. చదివినంక గద తిట్టాలె.”