మిగిలిన పదకొండు పుటలు

పోయిన బుధవారం మధ్యాహ్నం, భోంచేసి చేయి కడుక్కుంటుంటే ఫోను మోగింది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మా తోడల్లుడు ఒక లావుపాటి పుస్తకాన్ని పుట తర్వాత పుట ఫొటోలు తీసిన ఫైలు పంపాడు. కింద “అన్నా, మీరు ఏండ్ల తరబడి చదివింది ఇదే గదా, ఎంత సులువుగా దొరికిందో చూడండి” అని రాశాడు. చూశాను. మా మామ దగ్గర తొమ్మిదేండ్లు ఆదివారం ఆదివారం కూర్చుని విన్న ద్వైత వేదాంత గ్రంథమే. అదే కన్నడ లిపి అచ్చు, అదే ముద్రణ. మూలం ఒక్క పంక్తి, దాని కింద టీక నాలుగు పంక్తులు, ఆ టీకకు టిప్పణి పుట నిండా. మా సీమలో బతికిన ఒక్క వేరుశనగ మొక్క చుట్టూ పదిమంది నిలబడి తలా ఒక సలహా చెప్పినట్టు ఉంటుంది ఆ పుట. వేలితో తోసుకుంటూ చివరికి వచ్చాను. ఆఖరి పదకొండు పుటల దగ్గర వేలు ఆగింది. ఫోను బోర్లా పెట్టేశాను. ఇంట్లో ఎవరూ లేరు, మా ఆవిడ పోయి రెండేండ్లయింది. అయినా ఎవరో చూస్తున్నట్టే అనిపించింది.

ఆ పదకొండు పుటలు నేను ఈనాటికీ చదవలేదు. చదవడానికి అడ్డేమీ లేదు, పుస్తకం కూడా నా బీరువాలోనే ఉంది. కానీ మా సంప్రదాయంలో అలాంటి గ్రంథాన్ని చదవరు, వింటారు. గురువు చెప్తాడు, శిష్యుడు వింటాడు. మరుసటి పాఠం రోజున శిష్యుడు ముందటి పాఠాన్ని పుస్తకం చూడకుండా, అర్థంతో సహా, తెలుగులో ఒప్పజెప్పాలి. ఒప్పజెప్పిన తర్వాతే గురువు పుస్తకం మీది గుడ్డ విప్పుతాడు. ఒప్పజెప్పడం కుదరకపోతే ఆ రోజుకు పాఠం లేదు. మా మామ అయితే కోప్పడేవాడు కూడా కాదు. “ఈ దినం పాఠం లేదప్పా, మజ్జిగ ఉండాది, తాగిపో” అనేవాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. గుమ్మఘట్టలో ఒక చిన్న మట్టిమిద్దె, ఊరి ఆంజనేయస్వామికి పూజ. భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లలు లేరు. పూజతో గడవదు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళలో తద్దినాలకు భోక్తగా పోయేవాడు. ఎవరింట్లో ఎవరు పోయినా మామకు కబురు వచ్చేది. “నేను బతికేదానికి ఊర్లో ఒకరో ఇద్దరో చచ్చిపోయి ఉండాల గదప్పా” అని తనే నవ్వేవాడు. ఈ మనిషి ఏ మఠంలోనో ఒక వృద్ధ గురువు దగ్గర పన్నెండేండ్లు కూర్చుని శాస్త్రమంతా విన్నాడని ఊళ్ళో చాలామందికి తెలియదు. ఆ గురువు పంపించేటప్పుడు ఒక్క మాట చెప్పాడట: విన్నది విన్నట్టు కనీసం ఒక్కరికి, మొదటి పుట నుంచి ఆఖరి పుట దాకా ముట్టజెప్పు, అప్పుడే నీ చదువు ముగిసినట్టు. మామకు నాకంటే ముందు ఇద్దరు శిష్యులు దొరికారు. ఒకాయన ఉద్యోగమొచ్చి సగంలో వెళ్ళిపోయాడు. ఒకాయన మూడో భాగంలో ఉండగా కాలం చేశాడు. మూడోవాణ్ణి నేను. అప్పుడు రాయదుర్గంలో గుమాస్తాను, నలభై దాటినవాణ్ణి. మామకు డెబ్బై దగ్గర పడుతోంది. నా తర్వాత నాలుగోవాడు ఉండడని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటల బస్సుకు నేను దిగేసరికి మామ చాప పరచి, ఎదురెదురుగా రెండు పీటలు వేసి ఉండేవాడు. ఇంట్లో గోపీచందనం వాసన, పాత కాగితాల వాసన, పొయ్యిలో ఆరిపోయిన వేరుశనగ పొట్టు వాసన. పాఠం మధ్యలో ఉరుము ఉరిమితే చదువు ఆపేయాలని నియమం. కోస్తాలో ఈ శాస్త్రం ఎట్లా చెప్పుకుంటారో నాకు తెలియదు గానీ, గుమ్మఘట్టలో ఆ నియమం వల్ల మాకు ఏ ఇబ్బందీ రాలేదు. తొమ్మిదేండ్లలో ఉరుముకు పాఠం ఆగింది నాకు గుర్తున్నంతవరకు మూడుసార్లే. మూడుసార్లూ మామ చటుక్కున పుస్తకం మూసి వీధిలోకి పోయి, మొహం పైకెత్తి నిలబడ్డాడు. ఒకసారి నాలుగు చినుకులు పడ్డాయి. “శాస్త్రం యాడికి పోతాదప్పా, వాన పోతాది. ముందు దీన్ని చూడు” అన్నాడు.

పక్కింట్లో ఒక కూలి మనిషి ఉండేది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. క్రైస్తవులు వాళ్ళు. ఆదివారం చర్చికి పోయి పదకొండు లోపల వచ్చి, అరుగు మీద కాళ్ళు చాపుకుని వేరుశనగ కాయలు ఒలుస్తూ మా పాఠం వినేది. దూరంగా ఉన్నా ఆమె చెవి మా దగ్గరే. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

“ఏమి సామీ, దేవుడు వేరే, మనం వేరే అని చెప్పేదానికి ఇంత లావు పుస్తకమా? మా పాస్టరు అర్ధగంటలో చెప్పేసి ఇంటికి పంపిస్తాడు.”

“మీ పాస్టరుకు ఎదురు మాట్లాడేవాడు లేడు తల్లీ. మాకు వందల ఏండ్ల నుంచీ ఉండారు” అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగి, “చూసినావా, తొమ్మిది నెలల పాఠం ఆమె ఒక్క మాటలో ఒప్పజెప్పింది. నువ్వింకా నసుగుతాండావు” అన్నాడు.

ఆ గ్రంథాల నడక ఒకటి చెప్పాలి. తన మాట చెప్పే ముందు ఎదుటివాడి వాదాన్ని చెప్పాలి, దాన్ని పూర్వపక్షం అంటారు. మామ దాన్ని ఎంతో పట్టించుకునేవాడు. “ఎదుటోడు చెప్పేదానికంటే బాగ చెప్పు వాని మాట. అప్పుడు గాని దాన్ని కొట్టేసే హక్కు నీకు రాదు” అనేవాడు. కాబట్టి నా వాదం ముందు చెప్పుకుంటాను, ఎంత బాగా చెప్పగలనో అంత బాగా. నేను కాస్త మాటకారిని. పాఠం ఏడేండ్లు నడిచేసరికి అనంతపురంలో ఒకరిద్దరు నన్ను ఉపన్యాసాలకు పిలిచారు. ఆఫీసులో ఫైళ్ళు మోసినవాణ్ణి, నన్ను ఎవరూ ఒకసారి ఆగి చూసింది లేదు. వేదిక మీద శాలువా కప్పితే మనిషికి తల తిరుగుతుంది. నేను చెప్పినవి మంచి మాటలే, విన్నవాళ్ళకు మేలే జరిగింది. చెప్పింది ఎవరైతేనేం, మాట పోయి చేరింది గదా. ఇదీ నా పూర్వపక్షం. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇంతకంటే బాగా రావడం లేదు.

జరిగింది ఇది. ఉగాది ముందు నెల, గ్రంథంలో సరిగ్గా పదకొండు పుటలు మిగిలాయి. ఉగాది దాటాక మంచి రోజు చూసి ఆఖరి పుట చెప్పి మంగళం చేద్దామని మామ అనుకున్నాడు. గ్రంథం ముగిసిన రోజు ఊరి వాళ్ళను పిలిచి భోజనం పెడతారు. మామ అప్పుడే బెల్లం, పెసరబేడలు తెచ్చి డబ్బాలకెత్తాడు. ఆ వారంలోనే అనంతపురంలో ఒక కల్యాణమండపంలో నా ఉపన్యాసం. మామ చెప్పిన ఉపమానాలే, మామ జోకులే, మామ ఆగిన చోటే ఆగుతూ చెప్పాను. అయ్యాక సభలో ఒక పెద్దాయన, శాస్త్రం తెలిసినవాడు, లేచి అడిగాడు.

“పాఠం చాలా శుద్ధంగా ఉండాది స్వామీ. ఎవరి దగ్గర అయింది?”

గుమ్మఘట్టలో తద్దినాలకు పోయే మా మామ దగ్గర అని చెప్పాలి. ఆ సభలో ఆ మాట నోటికి రాలేదు. “ఎవరి దగ్గరా కాదండీ. సొంతంగానే చదువుకున్నాను” అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే వెనక స్తంభం పక్కన మామ కనిపించాడు. చెప్పకుండా బస్సెక్కి వచ్చాడు, మేనల్లుడి ఉపన్యాసం వినాలని. తీర్థం ఇచ్చే చోట వరుసలో నిలబడి, నా చేతి మీదుగానే తీర్థం తీసుకున్నాడు. నేను ఏదో అనబోయాను. “బస్సు టైమయిందప్పా” అని వెళ్ళిపోయాడు. మొహంలో కోపం లేదు. పాఠం లేదన్నప్పుడు ఉండే మొహమే.

తర్వాతి ఆదివారం నేను పోలేదు. పోతే మామ ఏమీ అడగడని తెలుసు. కూర్చోగానే “చెప్పప్పా” అంటాడు, నేను ఆయన ఎదురుగా నోరు తెరిచి, ఆయన దగ్గర విన్నది ఆయనకే ఒప్పజెప్పాలి. దానికి తప్పించుకునే దారి ఆ పద్ధతిలో లేదు. అది చేయలేకపోయాను. రెండో ఆదివారం జ్వరమన్నాను, మూడోదానికి ఆఫీసు పనన్నాను. ఒక కార్డు వచ్చింది: “పాఠం నిలిచి ఉండాది. నువ్వు చెప్తేనే ముందుకు పోతాది.” దానికి పని ఒత్తిడి అని జవాబు రాశాను. ఆ తర్వాత గార్లదిన్నెకు బదిలీ అయింది. దూరం ఒక మంచి సాకు, అదెప్పుడూ ఎదురు చెప్పదు. నాలుగేండ్లు గడిచాక మామ పోయాడని కబురొచ్చింది. కర్మలు నేనే చేశాను. పుస్తకాన్ని ఎర్రగుడ్డతో సహా తెచ్చి బీరువాలో పెట్టాను. ఆ పది రోజులూ ఎవరి మొహమూ చూడలేదు, పక్కింటి అక్క మొహం అసలే చూడలేదు.

ఆ ఫోను వచ్చిన తర్వాత మూడు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. పోయిన ఆదివారం పుస్తకం సంచిలో పెట్టుకుని గుమ్మఘట్ట బస్సెక్కాను. మామ మిద్దె ఒక పక్క కుంగిపోయింది, తలుపు తెరవడానికి లేదు. అక్క ముసలిదైపోయింది గానీ అరుగు మీదే ఉంది, చేతిలో వేరుశనగ కాయలే. నన్ను చాలాసేపు చూసింది.

“వచ్చినావా అప్పా. ఇంత తొందరగా ఎందుకొచ్చినావు?” అంది. నేను తల దించుకున్నాను.

ఆమే చెప్పింది. మామ ప్రతి ఆదివారం చాప పరచి, రెండు పీటలూ వేసేవాడట. “నేను చర్చికి పోయేటప్పుడు కూచోని ఉంటాండె, వచ్చేటప్పుడూ అట్లే కూచోని ఉంటాండె. పదకొండు బస్సు కూడా పోయినాక లేసి, నీ పీట మీదికి వచ్చి కూచుంటాండె. నువ్వు చెప్పాల్సిన పాఠం నీ మాదిరే చెప్పుకుంటాండె, నీ మాదిరే గొంతు సవరించుకోని. అయినాక తన పీట మీదికి పోయి, పుస్తకం దిక్కు చూసి, విప్పకుండానే ఎత్తి పెడతాండె. ఎందుకు సామీ, ముందుకు చెప్పుకో, ఎవరు అడుగుతారు అంటే, ‘నేను చెప్పుకుంటే వాడు చెప్పినట్టు కాదమ్మా, వాడు వేరే నేను వేరే’ అంటాండె. నాలుగేండ్లు అదే ముక్క. నాకే నోటికొచ్చేసింది.”

ఆ పాఠం నాకు గుర్తులేదు. నిజంగానే ఒక్క మాట గుర్తులేదు. అది ఆమెతో చెప్పి, “ఏమి చెప్తాండె అక్కా?” అని అడిగాను. ఆమె కాయలు పక్కన పెట్టి, నోరు కొంగుతో తుడుచుకుని చెప్పింది.

“మోక్షం పోయినా చెంబు చెంబే, బాన బానే. రెండూ అంచు దాకా నిండే ఉంటాయి, చెంబు బానను చూసి ఏడవదు. నీళ్ళల్లో ఉప్పు మాదిరి అందరూ కలిసిపోయేదే మోక్షమైతే, ఆడ పిలిచేదెవరు, పలికేదెవరు? దేవుడు దేవుని మాదిరే ఉంటాడు, నేను నా మాదిరే ఉంటా. అందుకే ఆడ కూడా దండం పెట్టేదానికి అవుతాది.”

మామ గొంతులోని విరుపులు కూడా అందులో ఉన్నాయి. నేను అరుగు కింద మెట్టు మీద కూర్చుని ఆమెకు ఒప్పజెప్పాను. సగంలోనే ఆపింది. “చెంబు ఏడవదు అనేది ఇడిసిపెట్టినావు. మళ్ళా చెప్పు.” మళ్ళీ చెప్పాను. రెండోసారి తల ఊపింది.

అప్పుడు గుడ్డ విప్పి, మిగిలిన పదకొండు పుటల్లో మొదటిది పైకి చదివాను. మూలం అర్థమైంది, టీక కొంత అర్థమైంది. టిప్పణిలో ఒక వాక్యం దగ్గర చిక్కుకుని, అలవాటుగా అడగడానికి తలెత్తాను. ఎదురుగా మామ మిద్దె గోడ, దాని మీద ఎండ.

“ఏమప్పా, నిలిపేసినావు?”

“ఈడ అర్థం కాలేదక్కా.”

“అయితే వచ్చే ఆదివారం చదువు.”

“వచ్చే ఆదివారం మాత్రం చెప్పేవాళ్ళు యాడుండారు?”

ఆమె కాయలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నేను పుస్తకం కట్టి సంచిలో పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం కూడా పోతాను. ఆ మెట్టు మీద కూర్చుని అదే పాఠం ఒప్పజెప్పి, అదే పుట చదివి, అదే వాక్యం దగ్గర ఆగుతాను. ఇది ప్రాయశ్చిత్తం అనుకునే ధైర్యం లేదు. ఏ రెండూ ఒకటి కావని తొమ్మిదేండ్లు చెప్పించుకున్నవాణ్ణి. ఆయన నా కోసం కూర్చున్న ఆదివారాలు వేరు, నేను ఆయన కోసం కూర్చునే ఆదివారాలు వేరు. ఇవి ఎన్ని పోగైనా, వాటిలో ఒక్కటి కూడా కాలేవు.