రెండు మాత్రల నడుమ డ్రైవరు

ఎడమకాలు వాచినప్పుడు బస్సు డ్రైవరు దాన్ని లెక్కచెయ్యలేదు. పొద్దంతా క్లచ్ తొక్కే కాలు, బెణికి ఉంటుందిలే అనుకున్నాడు. పిక్క రాయిలా బిగుసుకుని, చెప్పు పట్టనంతగా పొంగాక గానీ ఆసుపత్రి మెట్లెక్కలేదు. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని చెప్పి, గడ్డ పెరగకుండా రక్తం పలచబడే మాత్ర ఇచ్చారు.

కాలి వాపు తీసింది గానీ, కొన్నాళ్లకు ఆ మాత్ర వల్ల కడుపులో పుండు నుంచి రక్తం ఆగక కారి, నెత్తురు కక్కుకున్నాడు. ఇంట్లో ఉన్నది అతనూ, భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉండిపోయిన అక్కా. స్నానాలగది గోడ ఎర్రబడి ఉంటే ఆవిడే కడిగింది. ఆ రంగు మాత్రం అతని కళ్లలోంచి పోలేదు.

పుండు మానాక డాక్టరమ్మ పలచబడే మాత్రనే మళ్లీ మొదలుపెట్టమంది, ఈసారి తక్కువ మోతాదులో. కొవ్వు ఎక్కువగా ఉందని కొలెస్ట్రాల్ మాత్ర కూడా రాసింది. ఇది వేసుకునేవాళ్లకు గడ్డలు తిరగబెట్టడం కాస్త తక్కువని కొందరు చూశారు, కానీ ఇంకా తేలలేదు, పలచబడే మాత్రకు ఇది బదులు కాదు అని నచ్చజెప్పింది. అతని చెవికి మొదటి ముక్కే ఎక్కింది.

అక్క చూడకుండా పలచబడే మాత్రను చెత్తబుట్టలో పారేసి, కొలెస్ట్రాల్ మాత్ర రెట్టింపు మింగడం మొదలుపెట్టాడు. ఆ మోతాదు ఎక్కువై తొడలు రోకలితో దంచినట్టు నొప్పులు. అక్క అడిగితే వయసు మీదికి నెట్టేశాడు.

ఒక ఉదయం డిపోలో బస్సెక్కబోతూ మెట్టు మీదే ఆగిపోయాడు. ఊపిరి అందలేదు. కండక్టరు జబ్బ పట్టుకుని దింపి, ఆసుపత్రికి చేర్చాడు. గడ్డ ఊపిరితిత్తికి ఎక్కిందన్నారు.

కాస్త తేరుకున్నాక అక్క మంచం అంచున కూర్చుంది. "నామీద ఒట్టేసి చెప్పు. ఆ మాత్ర వేసుకున్నావా, లేదా?"

"లేదక్కా. చేతిలోకి తీసుకుంటే ఆ గోడే కనబడేది."

కొట్టడానికి లేచిన చెయ్యి సగంలోనే దిగిపోయింది. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ సంగతి నాతో చెప్పి ఏడవొచ్చు కదరా. ఇద్దరం కలిసే భయపడేవాళ్లం."

డాక్టరమ్మ తిట్టలేదు. పలచబడే మాత్ర ఇక జీవితాంతం తప్పదంది. నొప్పులుంటే వచ్చి చెప్పాలి గానీ, సొంత వైద్యం చెయ్యొద్దంది.

స్టీరింగు పోయింది. ఇప్పుడు డిపో గేటు దగ్గర కాపలా. పిక్క పట్టేస్తే గడ్డేమోనని వణుకు, ఉమ్మిలో ఎర్రజీర కనబడితే మళ్లీ కడుపులో నెత్తురేనని వణుకు. మళ్లీ రాదని ఎవరూ మాటివ్వలేదు. రోజూ అన్నం తిన్నాక అక్క మంచినీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడుతుంది. మింగాక నాలుక ఎత్తి చూపించమంటుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చంటిపిల్లాడిలా నోరు తెరుస్తాడు.