అడుగుల చప్పుడు కనిపించే ఆట

ఆ సాయంత్రం మా తమ్ముడు సైకిలుకి స్టాండ్ కూడా వేయకుండా గోడకి ఆనించేసి, ఫోను ముందుకి చాపుకుంటూ నేరుగా వంటింట్లోకి వచ్చాడు. నేను గడప దగ్గర కూర్చుని మా బడి పిల్లల లెక్కల పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నాను. మరదలు పొయ్యి మీద చేపలు వేయిస్తోంది.

"అక్కా, ముందిది సూడు. ఆ కాగితాలు తర్వాత సూసుకుందువు," అన్నాడు.

వాడు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి చాలా కాలమైంది. మరదలు గరిటె చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగి చూసింది.

ఫోనులో ఏదో తుపాకుల ఆట తాలూకు ప్రకటన. ఆట ఇంకా విడుదల కాలేదు. వానలో తడుస్తున్న రైల్వే యార్డు, పాత గూడ్సు పెట్టెలు, వాటి మధ్య వంగి నడుస్తున్న నలుగురు మనుషులు. ఎవరూ కాల్చడం లేదు. ముందున్నవాడు చెయ్యెత్తితే వెనకవాళ్ళు ఆగుతున్నారు.

నేను తలెత్తి, వాడికి నా పెదవులు కనబడేలా, "మన ఊరి నింపురా యార్డులాగే ఉందిరా," అన్నాను.

"యార్డు కాదే, ఈ మూల సూడు."

తెర అంచున సన్నటి వెలుగు ఒకటి నీటిమీద అలలాగా కదిలి మాయమైంది.

"ఏటది?"

"అడుగుల సప్పుడు. ఎవుడెటునుంచొస్తే అటుపక్క ఎలుగు కదుల్తాది. గట్టిగా నడిస్తే లావుగా, మెల్లిగా నడిస్తే సన్నంగా." ఫోను నా చేతిలో పెట్టేసి నవ్వాడు. "అక్కా, ఈ ఆటలో ఇనక్కర్లేదే!"

ఆ మాట విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేమిద్దరం ఇలాంటి ఆటలు మొదలుపెట్టింది బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళోనే, పూరీ గేట్ దగ్గర ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో. నేను కాలేజీలో ఉన్నాను, వాడు ఇంకా బళ్ళోనే. సెంటర్ నడిపే బెంగాలీ దాదా మమ్మల్ని చూడగానే, "ఆజ్ కే జిత్‌బే, దీదీ?" అని అడిగేవాడు, ఇవాళ గెలుపు అక్కదా తమ్ముడిదా అని. ఇంటికొస్తే అమ్మ సణుగుడు. "ఆడగుంటవి, నీకు తుపాకులాటేటే? ఆడికైతే బుద్ధి లేదనుకో."

ఆ ఆటల్లో పరిగెత్తి కాల్చేవాడు ముందు పోతాడు. ఒక్క గుండు తగిలితే ఆ దఫాకి పని అయిపోయినట్టే. మిగతావాళ్ళు ఆడుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవాలి. అందుకని తలుపు పక్కన కదలకుండా నిలబడాలి, చెవులు రిక్కించాలి. సగం ఆట వినడమే. ఆ వినడంలో మా తమ్ముణ్ణి మించినవాడు లేడు. "మెట్లమీద ఒకడున్నాడు. బూట్లు కొత్తయి. ఆగు, ఇప్పుడు కిందకి దిగతన్నాడు," అని గుసగుసగా చెప్పేవాడు. వాడు చెప్పినట్టే మెట్లమీంచి ఒకడు దిగేవాడు. నేను తుపాకి పట్టుకుని సిద్ధంగా ఉండేదాన్ని.

తర్వాత వాడికి రైల్వే వర్క్‌షాపులో కోచ్‌ల వైరింగ్ పని దొరికింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌ కాలనీలో క్వార్టర్ వచ్చింది. పెళ్ళయింది. అమ్మానాన్నలు పోయాక నేను పెళ్ళీ గిళ్ళీ లేకుండా వాళ్ళతోనే ఉండిపోయాను. ఇంట్లోకే కంప్యూటర్లు వచ్చాయి. ముందు గదిలో వాడొక మూల, నేనొక మూల కూర్చుని ఆదివారాలు ఆడుకునేవాళ్ళం.

చెవుడు మా నాన్న వైపునుంచి వచ్చింది. నాన్నకి కూడా నడివయసులోనే వినికిడి పోయింది. తమ్ముడికి ఇంకా ముందే మొదలైంది. మొదట కుక్కరు కూత వినబడలేదు. తర్వాత మరదలు వెనకనుంచి పిలిస్తే పలకడం మానేశాడు. కోల్‌కతాలో చూపిస్తే చెవి నరం బలహీనమని, ఇది వంశంలో ఉన్నదేనని, ఉన్నది కాపాడుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. చెవిలో మిషను పెట్టారు. దానితో మాట కొంత అందేది గాని, ఏ చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలిసేది కాదు. "అన్నీ నా నెత్తిమీదే మోగినట్టుంటాదే అక్కా," అనేవాడు.

ఆటలో కుడిపక్కనుంచి మనిషి వస్తే వాడు ఎడమవైపు తిరిగి నిలబడేవాడు. జట్టులో కలిసినవాళ్ళు, ఊరూ పేరూ తెలియని కుర్రాళ్ళు, మైకులో బూతులు తిట్టేవాళ్ళు. అవి నాకు వినబడేవి, వాడికి వినబడేవి కావు. ఎదురుగా తెరమీద రాసిన తిట్లు మాత్రం చదివేవాడు. ఒక ఆదివారం హెడ్‌ఫోన్ వైరు చుట్టచుట్టి బీరువా మీద పెట్టేశాడు. ఆ తర్వాత వర్క్‌షాపులో కూడా వైరింగ్‌నుంచి తప్పించి స్టోర్స్‌లో కుర్చీ వేశారు. అది వాడి క్షేమం కోసమే, కాదనను. కానీ వాడు ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. కొన్నాళ్ళు నేనొక్కదాన్నీ ఆడి చూశాను. ఒక మూల ఖాళీగా ఉంటే రెండో మూల కూర్చోబుద్ధి కాలేదు.

వయసొచ్చిన అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకుంటారు? కరెంటు పోయిందనీ, కూర బాగుందనీ. మా మధ్య అంతకుమించిన మాటలన్నీ ఆ ఆటలోనే ఉండేవని అది ఆగిపోయాకే తెలిసింది.

అందుకే ఆ ప్రకటన మా ఇంట్లో పెద్ద విశేషమైంది. ఆ ఆట కోసం ఎదురుచూడటానికి తమ్ముడు కొత్త కొత్త కారణాలు వెతికి తెచ్చేవాడు. ప్రతి దఫాకి ముందు జట్టంతా కూర్చుని పటం మీద వేలితో గీతలు గీసుకోవచ్చట, ఎవరు ఏ తలుపు దగ్గర నిలబడాలో. నోరు విప్పకుండా చేతి సైగలతోనే ఆడొచ్చట. బందీలుగా ఉన్నవాళ్ళని ఒక్క గుండు కూడా పేల్చకుండా బయటికి తెస్తే, పదిమందిని కాల్చినదానికంటే ఎక్కువ మెచ్చుకుంటుందట ఆ ఆట.

"అంటే తొందరగాళ్ళకి కాదిది. ముసిలోళ్ళకి. మనకే," అన్నాడు.

"నువ్వవ్వు ముసిలోడివి. నన్ను కలపకు," అన్నాను.

సాయంత్రాలు వరండా గచ్చుమీద నా బడి సుద్దముక్కలతో పటాలు గీసేవాడు. మరదలి చెప్పులు శత్రువులు, చింతగింజలు మేము. మరదలు వచ్చి చెప్పులు తొడుక్కుని బజారుకి వెళ్ళిపోతే, "ఇప్పుడు దారి సులువైపోయిందే!" అని నవ్వేవాడు.

ఒకరోజు నేను బట్టలు మడతపెడుతుంటే మరదలు నా పక్కన చేరి అంది: "ఆ ఆట రాకపోయినా పర్లేదు వదినా. ఈయన ఇలగ మాటాడతంటే సాలు. నిన్న నాకూ సెప్పినారు, ఏ కిటికీలోంచి దూరాలో. నాకేటీ అర్థం కాలేదు. అయినా ఊకొట్టినాను."

ఆట తయారుచేసేవాళ్ళు విడుదలకి ముందు కొంతమంది చేత ఆడించి చూస్తామన్నారు. పేర్లు ఇచ్చుకున్నవాళ్ళలోంచి చీటీలు తీస్తారట. ఇద్దరం ఇచ్చాం. వాడికి వచ్చింది, నాకు రాలేదు. అలాగే మంచిదైంది, పక్కన కూర్చుని చూడగలిగాను.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, పరీక్ష రాయబోయే కుర్రాడిలా కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. మొదట్లో తడబడ్డాడు. ఆ వెలుగు ఏ దూరానికి ఎంత ఉంటుందో పట్టుబడటానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత నేను పాత తమ్ముణ్ణి చూశాను. ఒక గోదాములో తలుపు పక్కన నిలబడి కదల్లేదు. తెర అంచున వెలుగు సన్నగా కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. వాడు మాత్రం తొందరపడలేదు. జట్టులో మిగతావాళ్ళందరూ పడిపోయారు. వచ్చినవాడు దాటిపోయేదాకా ఆగి, వెనక తలుపులోంచి బందీని బయటికి తెచ్చేశాడు. ఒక్క గుండు పేలలేదు.

అప్పుడు జట్టులో ఎవరో, ఏ దేశంవాడో, ఇంగ్లీషులో రాశాడు: నీ చెవులు భలే పదునైనవి గురూ, అని.

తమ్ముడు అది చదివి నావైపు తిరిగాడు. "సూసినావా? నా సెవులంట!" అని పగలబడి నవ్వాడు. మరదలు పరుగెత్తుకొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు. అన్నానికి పిలిస్తే, "ఇంకొక్కటే," అన్నాడు, చిన్నప్పుడు అన్నట్టే.

అలా ఆడించి చూసే రోజులు ముగిశాక కొన్ని వారాలకి, బళ్ళో విరామం వేళ ఫోనులో ఆ ఆటవాళ్ళ ప్రకటన చదివాను. ఆ వెలుగు అన్యాయమని ఆడినవాళ్ళలో చాలామంది గొడవ చేశారట. చెవులతో వినేవాడికంటే కళ్ళతో చూసేవాడికి దారి కచ్చితంగా తెలుస్తోందని, చెవులు బాగున్నవాళ్ళు కూడా దాన్నే పెట్టుకుని గెలుస్తున్నారని. అందుకని పోటీ ఆటల్లోంచి తీసేస్తున్నారు. ఒక్కడే కూర్చుని యంత్రంతో ఆడుకునేవాళ్ళకి మాత్రం ఉంచుతారట. తర్వాత గంటలో పిల్లలకి ఏం పాఠం చెప్పానో గుర్తులేదు.

ఇంటికొస్తూ వాడికెలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. వాడు వరండాలో సైకిలు చైనుకి నూనె వేస్తున్నాడు. నా మొహం చూసి, "నానూ సదివినాను," అన్నాడు.

"ఆళ్ళకి రాద్దాంరా. నీలాంటోళ్ళు ఎంతమందుంటారో ఆళ్ళకి తెల్దు."

"ఆళ్ళ తప్పేటుందే? పరుగుపందెంలో ఒకడికి సైకిలిచ్చి పరిగెట్టమంటే మిగతావోళ్ళు ఊరుకుంటారా?"

"కాలు లేనోడికి కర్రిస్తే అది సైకిలా?"

వాడు తల వంచుకుని చైను తిప్పుతూ ఉన్నాడు. వినబడలేదేమోనని మళ్ళీ ఎదురుగా కూర్చుని అన్నాను. "ఇనబడింది అక్కా," అన్నాడు. "ఒగ్గెయ్."

నేను మాత్రం రాశాను. మర్యాదగా జవాబు వచ్చింది, మీ మాట గమనించాం అని. అంతకుమించి ఏమీ జరగలేదు. యంత్రంతో ఒక్కడివే ఆడుకోవచ్చు కదరా అంటే తల అడ్డంగా ఊపాడు. "మిషనుతో ఆడ్డానికి ఇంతకాలం సూడాలేటి? నలుగురితో కదా ఆడాలనుకున్నాను." గచ్చుమీది గీతల్ని మరదలు కడగలేక కొన్నాళ్ళు వాటి చుట్టూ ఊడ్చింది. ఆఖరికి వాడే బకెట్టు నీళ్ళు పోశాడు.

ఆట దసరా పూజలయ్యాక వస్తుందంటున్నారు. మా బళ్ళో పెద్ద తరగతి పిల్లలు అదే మాట్లాడుకుంటున్నారు. ఆ యార్డు గురించి, ఆ సైగల గురించి, తొందరపడనివాడు గెలిచే పద్ధతి గురించి. వాళ్ళు చెప్పే కారణాలన్నీ నాకు తెలుసు. ఒక్కటీ అబద్ధం కాదు. ఆట బాగానే ఉంటుంది. చెత్త ఆటై ఉంటే నాకు ఇంత దిగులు ఉండేది కాదేమో.

మొన్న స్టోర్స్‌నుంచి తమ్ముడు నాకు ఒక వీడియో పంపాడు. అదే ఆటది, కొత్తది. ఒక పాత ఆసుపత్రి, చీకటి మెట్లు, ఎవరో పైకి వస్తున్నారు. కింద వాడి మాట: "బాగా సేసినారు కదా? సప్పుడెలగుంది?"

బడి వరండాలోకి వచ్చి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. తిరిగి మొదటినుంచి విన్నాను. తర్వాత వేళ్ళతో టైపు చేయడం మొదలుపెట్టాను. సిమెంటు మెట్లు, మీద ఇసక ఉన్నట్టుంది, బూటు అడుగున కరకరమంటోంది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఊపిరి కూడా వినబడుతోంది. ఎక్కడో దూరంగా ఇనప పళ్ళెం ఒకటి పడి దొర్లింది.

వాడి జవాబు వచ్చింది.

"మనిషెటున్నాడు?"

"ఎడం పక్క," అని రాశాను.

"నానూ అలగే అనుకున్నాను," అన్నాడు.

గంట కొట్టారు. ఫోను సంచిలో పెట్టుకుని తరగతిలోకి వెళ్ళాను.