శనివారం కుర్చీ

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, మా గైడు గారికి సన్మానం చేస్తున్నామనీ, పాత శిష్యురాలిగా నేను నాలుగు మంచి మాటలు మాట్లాడాలనీ మర్యాదగా అడిగితే, ఆలోచించి చెబుతానని పెట్టేశాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళయినా ఆయన పేరు వింటే ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి.

నలభై దాటాక చదువుకోవడమంటే ఏమిటో నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. రెండువేల పదిలో, చిక్కడపల్లి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే, సైకాలజిస్టును కావాలని పిహెచ్.డి.లో చేరాను. సాయంత్రం బడి వదలగానే అశోక్‌నగర్ సందుల్లో, గ్రూప్స్‌కు చదివే పిల్లల హాస్టళ్ళ మధ్య నుంచి, బజ్జీల బండ్ల వాసన పీల్చుకుంటూ నారాయణగూడలో గైడు గారి క్లినిక్‌కు నడిచిపోయేదాన్ని. ఆ నడకంటే నాకెంత ఇష్టమో!

ఇతరుల బాధ వినబోయేవాళ్ళు ముందు తమ బాధ చెప్పుకోవాలని, గైడు గారు తన దగ్గర నేర్చుకునే మమ్మల్ని ఒక్కొక్కరినీ లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి మాట్లాడించేవారు. శనివారం మాత్రం అందరి ముందూ ఒకరు కుర్చీలో కూర్చుని, కల్పించిన సమస్యతో వచ్చిన మనిషిలా నటించాలి. కుర్చీలో ఉన్నవాళ్ళు ఏమడిగినా తాను జవాబు చెప్పి తీరాలన్నది ఆయన పెట్టుకున్న నియమమే.

తలుపు వేసిన ఆ గదిలో, పురిట్లోనే పోయిన నా కూతురి సంగతి చెప్పాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని పేరు పెట్టి పిలిచి మాట్లాడతానని, మా ఆయనకు కూడా తెలియని మాట చెప్పి ఏడ్చాను. మరుసటి వారమే గైడు గారు క్లాసులో, చిక్కడపల్లిలో ఒక టీచరమ్మ ఉందంటూ అదంతా పాఠంగా చెప్పారు. పేరు చెప్పలేదట! ఆ క్లాసులో బడి టీచర్ని నేనొక్కదాన్నే. వెనక ఎవరో నవ్వారు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి మా ఇల్లు చేరింది. నాకెందుకు చెప్పలేదని మా ఆయన అడిగిన తీరు ఈ జన్మకు మరిచిపోను.

ఆ శనివారం నా వంతు కాకపోయినా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. గైడు గారి సంతకం లేకపోతే నా థీసిస్ చిత్తుకాగితమని తెలిసే కూర్చున్నాను.

“నమ్మి ఒక పెద్దమనిషికి నా బిడ్డ ముచ్చట చెప్పుకున్న సార్. ఆయన పదిమందిల పెట్టిండు. ఇప్పుడు నేనేం చెయ్యాలె?”

గైడు గారి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నీళ్ళు తాగారు, కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను కదల్లేదు. చివరికి నేల చూపులు చూస్తూ అన్నారు:

“ఆయన దగ్గరకు మళ్ల పోవద్దమ్మా.”

“మంచిది సార్” అని లేచి, అందరి ముందూ బయటికి నడిచాను. మెట్లు దిగుతుంటే కలిగిన హాయిని దాచుకోవలసిన అవసరం నాకు ఇప్పటికీ కనిపించదు. ఆయన సంతకం పెట్టలేదు. వేరే గైడును వెతుక్కుని, మళ్ళీ మొదటినుంచీ రాసి, పద్నాలుగులో పట్టా తెచ్చుకున్నాను.

సన్మానానికి వెళతాను. మైకు ఇస్తే ఇదే చెబుతాను.

ఇప్పుడు కాలం మారింది. నా దగ్గర నేర్చుకునే పిల్లలు, గదిలో మాట గదిలోనే ఉండాలని మొదటిరోజే నిలదీసి అడిగి, ఆ తర్వాతే నోరు విప్పుతారు, తేలికపడి వెళతారు. వాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త అసూయ కూడా. గైడు గారి ఆ క్లాసు నాటి నుంచీ, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా, నా కూతుర్ని పిలుద్దామంటే నాకు మాట రావడం లేదు.