ఎవలు చెప్పిండ్లు, బిడ్డా?

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా స్టాఫ్‌రూమ్‌లో కొత్త లెక్కల సారు డబ్బా మూత తీసి అందరికీ సోంపు పంచాడు. ఆ వాసన తగిలిందో లేదో నా వీపు దానంతటదే నిటారైంది. పెర్మిలి దగ్గర ఈ బడిలో నేను చరిత్ర చెప్పబట్టి చాలా ఏళ్లయింది. పిల్లలు నన్ను చూస్తే లేచి నిలబడతారు. అయితేనేం, సోంపు వాసన వచ్చిందంటే నేను మళ్లీ ఎనిమిదో తరగతి పిల్లనే. మా సమ్మయ్య గురూజీ చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది. మార్కులైతే ఎవరికైనా వేసేవారు గానీ సోంపు మాత్రం ఊరికే రాల్చేవారు కాదు. మేం రాసిన వ్యాసంలో రుజువు మీద నిలబడే వాక్యం కనబడితేనే ఒక చిటికెడు పెట్టేవారు. నేను నెలల తరబడి ఆ జేబు వంక చూస్తూ గుటకలు మింగాను.

ఆయన్ని చూడనివాళ్లకు చెప్పాలంటే, పొట్టి మనిషి, పెద్ద గొంతు. సిరొంచకు కాస్త ఎగువన, ప్రాణహితకు మహారాష్ట్ర వైపు ఒడ్డున మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గురూజీ పాఠం మరాఠీలో చెప్పి తిట్లు తెలుగులో తిట్టేవారు. నిజం చెప్పాలంటే మాకు తిట్లే బాగా అర్థమయ్యేవి. ఆ ఏడు జనవరి ఇరవై ఆరుకు 'మా ఊరి చరిత్ర' మీద వ్యాసం రాయమన్నారు, బాగా రాసినవాళ్లు జెండా దగ్గర మైకులో చదవాలన్నారు. మైకంటే మాటలా! నేను ఒక్క సాయంత్రంలో రాసి పడేశాను. ప్రాచీన కాలం నుంచి మా గ్రామం మహావైభవంతో వెలిగిపోతున్నదనీ, మా ముత్తాత మహావీరుడనీ.

గురూజీ దాన్ని క్లాసు ముందు గట్టిగా చదివారు. చదివి కళ్లద్దాలు తీశారు.

"ప్రాచీనమంటే ఎప్పుడు బిడ్డా? మీ బాపమ్మ పుట్టకముందా, పుట్టినంకనా?"

"తెల్వది గురూజీ."

"మహావైభవమంటే ఏంది? బంగారు గిన్నెలల్ల అంబలి తాగిండ్లా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. ఆయన మాత్రం వదల్లేదు. "మీ ముత్తాత ఏం చేసిండు మరి?" అన్నారు. వరద వచ్చినప్పుడు అందర్నీ నిద్రలేపి మిట్ట మీదికి తోలుకపోయాడని చెప్పాను. "ఆఁ! ఇప్పుడు దొరికింది ఒక ముచ్చట. ఎవలు చెప్పిండ్లు, బిడ్డా?" అని అడిగారు. మా బాపమ్మ అన్నాను. బాపమ్మ అప్పటికి ఈ ఊరికి కోడలుగా వచ్చిందా అన్నారు. రాలేదన్నాను. "అంటే ఆమె గూడ విన్నదే. ఇంకొకలను అడుగు. వరదల ఒక్క ఇల్లే మునుగదు గద" అని కాగితం చేతిలో పెట్టారు.

సరే, పడవ నడిపే ఎంకటి తాత దగ్గరికి పోయాను. వరద నాటికి ఊళ్లో ఉన్నవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేనడిగింది విని పళ్లులేని నోటితో కిచకిచ నవ్వాడు. "మీ ముత్తాతనా? ఆయన ఊళ్లె ఉంటె గద! కమలాపూర్ల పెండ్లికి పోయిండు. అందర్ని లేపింది మా అవ్వ, నన్ను కన్న తల్లి. నన్ను సంకలేసుకొని ఇంటింటి తలుపు కొట్టింది."

"నువ్వు చిన్నపోరనివి గద తాతా, నీకెట్ల యాదికున్నది?"

"సంకల నుంచి జారి బురదల బొక్కబోర్ల పడ్డ. గది మర్చిపోతరా ఎవరన్న?" అన్నాడు. వల పక్కన పెట్టి, "అబద్ధమెందుకు బిడ్డా, వాపసు వచ్చినంక మిట్ట మీద తన చెల్క భూమి ఊరికిచ్చింది మీ ముత్తాతనే. ఇప్పుడు మనం ఇండ్లు కట్టుకున్న జాగ గదే" అన్నాడు.

నేను ఇంటికొచ్చేసరికి బాపమ్మ హుషారుగా ఉంది. 'మా మామ పేరు మైకుల వస్తది' అని వాడంతా చెప్పింది; ఆమె మామంటే మా ముత్తాతే. రేగుంట చుట్టాలకు కూడా రమ్మని కబురు పంపింది. ఆ సాయంత్రం తల దువ్వుతూ తన అత్త ముచ్చట్లు తీసింది. వాటిలో ఒకటి నేను వందసార్లు విని నవ్విందే. మామ ఎప్పుడైనా గొప్పలకు పోతే అత్త, "ఇల్లు కొట్టుకపోతుంటె కమలాపూర్ల పెండ్లి బువ్వ తింటుంటివి" అని ఎత్తిపొడిచేదట. ఈసారి నాకు నవ్వు రాలేదు. వీరుడి కథ మామ చెప్పింది, పెండ్లి కథ అత్త చెప్పింది. రెండూ మా బాపమ్మ నోటి నుంచే వచ్చాయి, కానీ ఎన్నడూ ఒకే రోజు రాలేదు.

పొద్దున్నే గురూజీ దగ్గరికి పరుగెత్తాను. ఏది రాయాలని అడిగాను.

"అన్నీ రాయి. ఎవలేమన్నరో వాళ్ల పేరు పెట్టి రాయి. ఆఖర్ల నీకేది నిజమనిపిస్తది, ఎందుకనిపిస్తది, అది రాయి. ఎందుకన్నది లేకుంటె అది వ్యాసం కాదు, గప్పాలు."

"మా బాపమ్మ మస్తు బాధపడుతది గురూజీ. చుట్టాల ముందట తలకాయ తీసేసినట్టయితది."

ఆయన గడ్డం గోక్కున్నారు. "పడుతది బిడ్డా. అందుకనే మీ ముత్తాతను ఎక్కిరించే మాట ఒక్కటి రాయకు. చెల్క ఇచ్చిన ముచ్చట మంచిగ రాయి. కని ఎంకటి వాళ్ల అవ్వను మాత్రం మింగకు" అన్నారు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. "మరాఠీల సదువుత గురూజీ. బాపమ్మకు సగం సమజ్ కాదు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! ఎవల గురించి రాసినవో వాళ్లకే సమజ్ కాకుంటె ఇగ రాసుడెందుకు? తెలుగుల సదువు." తిడుతూనే జేబులో చెయ్యి పెట్టారు. నా అరచేతిలో మొదటిసారి సోంపు పడింది. భయంలో దాని రుచి కూడా తెలియలేదు.

జెండా ఎగిరింది. బాపమ్మ కొత్త చీర కట్టుకుని, రేగుంట చుట్టాలను పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను మైకు ముందుకొచ్చాను. మామ మాట చదివాను, అత్త మాట చదివాను, ఎంకటి తాత బురదలో పడ్డ సంగతి చదివాను. వరదనాడు మా ముత్తాత కమలాపూర్‌లో పెండ్లి బూరెలు తింటున్నాడనీ, ఊరిని లేపింది ఎంకటి తాత తల్లేననీ నాకనిపిస్తున్నదని చదివేసరికి బాపమ్మ లేచి నిలబడింది.

"ఆగు! బూరెలని ఎవలు చెప్పిండ్లు నీకు?"

పెండ్లి బువ్వ అన్నది ఆమె మాట, బూరెలు నేను కలిపినవి.

"మా అత్త బూరెలనలే. యాటకూర అన్నది! రాస్తె సక్కగ రాయి." జనం గొల్లుమన్నారు. బాపమ్మ నవ్వలేదు. వెనక్కి తిరిగి, ఎక్కడో చివర గొంతుక్కూర్చున్న ఎంకటి తాతను వెతికింది. "ఎంకటీ, మీ అవ్వ పేరేందిరా? ఈ పిల్ల పేరు పెట్టకనే సదువుతున్నది."

తాత లేచాడు. "రాజవ్వ" అన్నాడు.

"రాయి బిడ్డా," అంది బాపమ్మ, "రాజవ్వ."

మైకు ముందే కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గురూజీ ఎక్కడో పక్కన నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. తర్వాత చుట్టాలతో బాపమ్మ, "మా మామ చెల్క ఇచ్చిండని గూడ సదివింది, విన్నరా?" అని అందరికీ పేరుపేరునా చెప్పుకుంది.

గురూజీ ఇప్పుడు సిరొంచలో విశ్రాంతిగా ఉన్నారు. ఇది చదివితే తప్పకుండా ఫోన్ చేసి ఏదో ఒక వాక్యం దగ్గర నిలదీస్తారు. నిలదీయనీ. ఇక్కడ మా పిల్లలు చాలామంది ఇంట్లో గోండీ మాట్లాడతారు, వ్యాసం మరాఠీలో రాస్తారు. నిన్న ఒకమ్మాయి తమ ఊరి బావి గురించి రాస్తూ, "ఒక ముసలామె జాగ చూపించింది" అని రాసింది. మిగతాదంతా బాగుంది, మార్కులు వేయవచ్చు. వేయలేదు. "ఆమె పేరేమిటమ్మా?" అని అడిగాను. పిల్ల మూతి ముడుచుకుని కాగితం తీసుకుని, పేరు అడగడానికి ఇంటికి బయలుదేరింది.